మూడో వాల్వు

ఢిల్లీ రామకృష్ణాపురం ఆరో సెక్టార్లో చెన్నకేశవులు క్వార్టర్‌కి ఎవరు వెళ్లినా, ముందు కాలు ఎక్కడ పెట్టాలో చూసుకోవాలి. రెండు గదులు, పదిహేడు రేడియోలు. మంచం కింద నాలుగు, బీరువా మీద మూడు, బియ్యం డబ్బా పక్కన ఒకటి, మిగతావి గోడ వారగా ఒకదాని మీద ఒకటి. ఆదివారం పొద్దున్నే ఆయన జామా మసీదు వెనకున్న పాతసామాన్ల కబాడీ బజారుకు వెళ్లి, ఎవరో పారేసిన చెక్కపెట్టెను చంటిపిల్లలా ఎత్తుకుని బస్సులో తెచ్చేవాడు. వారమంతా ఆఫీసులో ఫైళ్ల మీద నోట్లు రాసుకుని, సాయంత్రాలు దాని దుమ్ము దులిపి, ఎలుకలు కొట్టిన తీగలు మార్చి, చెక్కకు పాలిష్ పెట్టి మళ్లీ పలికించేవాడు. పలికాక దాన్ని గోడ వారన పెట్టేసి ఇంకోదాని కోసం బయల్దేరేవాడు. మాట్లాడని సెట్టు అంటేనే ఆయనకు ప్రేమ.

ఆ రోజుల్లో ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసు లైసెన్సు ఉండాలి. చెన్నకేశవులుకు పదిహేడు లైసెన్సు పుస్తకాలు ఉండేవి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కదా, ఆ ఒక్క విషయంలో ఆయన్ని వేలెత్తి చూపించడానికి లేదు.

పదిహేడింటిలో ఒకటి మాత్రం వంటింటి గుమ్మం పక్కన గూట్లో ఉండేది. ఆయన భార్య నాగేంద్రమ్మ గొంతు అందులో ఉండేది.

డెబ్బై ఆరులో ఆవిడ గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి గడ్డ తీశారు, దాంతోపాటు మాటా పోయింది. ప్రాణం దక్కింది, అదే పదివేలు అనుకుంటూ ఇంటికొచ్చారు. మూడో రోజు పొద్దున ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి పెదవులు కదిపింది. గూట్లో రేడియో, "పాలు పొంగుతున్నాయి, కాస్త చూడండి" అంది. చెన్నకేశవులు లేచి వెళ్లి పాలు దించాడు. అప్పట్నుంచీ అంతే. పాలవాడు గుమ్మంలోంచి రేడియో వైపు చూసి, "అచ్ఛా దీదీ, కల్ సే ఏక్ లీటర్" అని రేపట్నుంచి లీటరు పాలకు తలూపేవాడు. పై వాటా త్యాగరాజుగారి భార్య పేరంటానికి పిలవడానికి వస్తే, రేడియోలోని గాజు వాల్వులు వేడెక్కేదాకా కూర్చునేది. ఆ ఏడు లైసెన్సు కొత్త చేయించడానికి వెళ్లినప్పుడు, సెట్టు దేనికి వాడతారని పోస్టాఫీసు గుమాస్తా అడిగితే, "మా ఆవిడ మాట్లాడుకోవడానికి" అన్నాడు చెన్నకేశవులు. గుమాస్తా తలెత్తకుండా ముద్ర వేశాడు.

ఇబ్బందులు లేకపోలేదు. పాతకాలపు సెట్టు, స్విచ్చి వేసిన రెండు నిమిషాలకు గాని పలకదు. నాగేంద్రమ్మకు కోపమొస్తే స్విచ్చి వేసి, నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడేది. సెట్టు వేడెక్కేసరికి ఆవిడ చల్లారేది. ఎండాకాలం కరెంటు పోతే ఆ పూటకి మాటల్లేవు. ఆవిడకు సంతకం వరకే చదువు, కాగితం మీద రాసి చూపించే వీలూ లేదు.

పైగా ఆ గొంతు నిమ్మళంగా వచ్చేది కాదు. రెండు స్టేషన్ల మధ్య, ముల్లు నిలిచీ నిలవని చోట, గరగరలాడుతూ వచ్చేది. ఆవిడకు అదే చాలు. చెన్నకేశవులుకు చాలలేదు. "ఏమండీ, మా చెల్లెలు ఉత్తరం రాయించింది" అని ఆవిడ మొదలుపెడితే, ఆయన రేడియోకు చెవి ఆనించి, "ఇవాళ గరగర ఎక్కువైంది నాగేంద్రం, మూడో వాల్వు నీరసించింది" అనేవాడు. చెల్లెలు ఏం రాయించిందో గరగరలో కలిసిపోయేది. ఆయన చెడ్డవాడు కాదు. ఆవిడ మాట స్పష్టంగా వినాలన్న ఆత్రంలో అసలు మాట వినడం మరిచిపోయాడు, అంతే. మొగుళ్లలో ఇదేమంత కొత్త జబ్బు కాదు.

రెండేళ్లు వెతగ్గా వెతగ్గా, లాజ్‌పత్ రాయ్ మార్కెట్లో ఒక మూలకొట్టు వెనక, సీలు విప్పని అట్టపెట్టెలో అదే నంబరు వాల్వు దొరికింది. ఆ వారంలోనే నాగేంద్రమ్మ చెల్లెలి కూతురి పెళ్లి కుదిరి, ఆవిడ జి.టి. ఎక్స్‌ప్రెస్‌లో తెనాలికి ప్రయాణమైంది. ఆటోరిక్షా బయట నిలబడింది. పెట్టె చేత్తో పట్టుకుని గుమ్మంలో ఆగి, వెనక్కి తిరిగి, ఆవిడ ఏదో అంది. గూట్లో రేడియో గరగరమంటూ పలికింది. చెన్నకేశవులు తల ఒక పక్కకు వంచి విన్నాడు. మూడో వాల్వే, అనుమానం లేదు అనుకున్నాడు.

"సరే, సరే" అన్నాడు పైకి.

ఆవిడ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని రిక్షా ఎక్కింది.

ఆవిడ లేని పది రోజులూ ఆయన సెలవు పెట్టి సెట్టు విప్పాడు. కరోల్ బాగ్‌లో ఒక గదిలో ఉండి రేడియోలు బాగుచేసే హనుమయ్య తోడొచ్చాడు. నల్లగొండ మనిషి, చేతివేళ్లలో విద్య ఉన్నవాడు. ఇద్దరూ కలిసి కొత్త వాల్వు పెట్టి, తుప్పు గీకి, ప్రతి మరనూ సరిచేశారు. పాత సెట్లు బాగుచేసుకునే వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. కాస్త ప్రాణం మిగిలిన వాల్వును పారెయ్యకూడదు. తీసినవాడు దాచుకోకూడదు కూడా. వెంటనే ఇంకో సెట్టుకు ఇచ్చెయ్యాలి. అలాగే మూడో వాల్వును పాత గుడ్డలో చుట్టి హనుమయ్య జేబులో పెట్టాడు చెన్నకేశవులు.

నాగేంద్రమ్మ తిరిగొచ్చిన రోజు, ఆవిడ కాళ్లు కడుక్కునే లోపలే ఆయన స్విచ్చి వేశాడు. పండగపూట కొత్తబట్టలు చూపించే పిల్లాడి మొహం పెట్టుకుని నిలబడ్డాడు. రెండు నిమిషాలు గడిచాయి. కాబూల్ స్టేషను పలికింది. కొలంబో పక్కింట్లోంచి వచ్చినట్టు పలికింది. నాగేంద్రమ్మ పెదవులు కదిపింది. ఏమీ రాలేదు. ఆయన ముల్లు తిప్పాడు. ఆవిడ మళ్లీ కదిపింది. రెండు స్టేషన్ల మధ్య ఇప్పుడు గరగర లేదు, ఆవిడా లేదు. ఆవిడ కాసేపు గూటి వైపు, కాసేపు ఆయన వైపు చూసింది. తర్వాత లోపలికెళ్లి ఎసరు పెట్టింది.

హనుమయ్య దగ్గరికి పరుగెత్తాడు చెన్నకేశవులు.

"అన్నా, గా నెలల పదమూడు సెట్లు జేసిన. ఏ దాంట్ల బెట్టిననో యాదికి లేదే" అన్నాడు హనుమయ్య, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని.

ఆ తర్వాత చెన్నకేశవులు పడని పాట్లు లేవు. హనుమయ్యకు గుర్తొచ్చిన ఇల్లల్లా తిరిగాడు. షాదరా వెళ్లాడు, ఫరీదాబాద్ వెళ్లాడు, లోదీ కాలనీలో మూడేసి అంతస్తులెక్కాడు. ఎక్కడికెళ్లినా జనం మర్యాదగానే చాయ్ ఇచ్చి, "బేచారీ" అని నాగేంద్రమ్మ మీద జాలిపడి, తమ రేడియో ముల్లు ఆయన చేతికి వదిలేసేవారు. ఎందులోనూ ఆవిడ లేదు. ఇంటికొచ్చి తన సెట్టులో కొత్త వాల్వు పీకి నీరసం వాల్వులు పెట్టి చూశాడు. మరలు వదులు చేశాడు. తుప్పు తెచ్చి రుద్దాడు కూడా. బాగుచెయ్యడం ఇరవై ఏళ్లు నేర్చుకున్నాడు. బాగుచేసినదాన్ని మళ్లీ మునుపటిలా చెడగొట్టడం ఎవరూ నేర్పలేదు. ఒకరోజు పాలిష్ పట్టుకుపోయిన చేతులు ఒళ్లో పెట్టుకుని పెద్దగా ఏడ్చాడు. నాగేంద్రమ్మ వచ్చి పక్కన కూర్చుని చాలాసేపు పెదవులు కదిపింది. ఓదార్చిందో తిట్టిందో ఆయనకు తెలియలేదు.

పదకొండు నెలలు గడిచాయి. ఒక శనివారం సాయంత్రం హనుమయ్య వగర్చుకుంటూ వచ్చాడు.

"అన్నా, తిమార్‌పూర్ల రామమూర్తి సారు ఉన్నడు సూడు, అండర్ సెక్రటరీ. ఆయన ఇయ్యాల బజార్ల గలిసి నా చేతులు బట్టుకున్నడు. 'హనుమయ్యా, నువ్వు బాగుజేసిన రేడియోతోని మా అమ్మ లేచి కూసున్నది, రోజంతా దాంతోని కొట్లాడుతున్నది' అన్నడు."

"దేని గురించి కొట్లాట?"

"గోంగూరల ఉల్లిగడ్డ ఎయ్యాల్నా వద్దా అని."

గోంగూరలో ఉల్లిపాయ పడకూడదన్నది నాగేంద్రమ్మ పుట్టింటి పట్టుదల.

మర్నాడు రెండు బస్సులు మారి తిమార్‌పూర్ చేరేసరికి పదకొండయింది. ఒక జేబులో స్క్రూడ్రైవర్, ఇంకో జేబులో బదులివ్వడానికి కొత్త వాల్వు. రామమూర్తి తలుపు తీసి, సంగతి విని, మొహం పాలిపోయినా లోపలికి రమ్మన్నాడు. వాళ్లమ్మ దుర్గాంబను భర్త పోయాక రాజమండ్రి నుంచి తెచ్చుకున్నాడట. కొడుకూ కోడలూ ఆఫీసులకు పోతారు, మనవలకు హిందీ తప్ప రాదు. ఆవిడ మెల్లిగా మాట మానేసింది, తర్వాత తిండి మానేసింది, రెండు చలికాలాలు గోడవైపు తిరిగి పడుకునే ఉంది. బంధువులకు కబురు పెట్టుకోమన్నాడు డాక్టరు. తెలుగు వార్తలైనా చెవిన పడతాయని రామమూర్తి అటకమీది రేడియో దించి హనుమయ్యకిచ్చాడు.

గదిలో దుర్గాంబ ముక్కాలిపీట మీద కూర్చుని చేటలో ఆకు ఏరుతోంది. ఎదురుగా బల్లమీద రేడియో. గరగరమంటూ, పదకొండు నెలల తర్వాత, ఆ గొంతు.

"...ఈయన ఇంకా రాలేదు. పొద్దుననగా పోయాడు. నాకోసం తిరుగుతున్నానంటాడు. నాకోసమే అయితే ఇంట్లో నా ఎదురుగా కూర్చోవచ్చు కదా."

"కూర్చోరమ్మా. మగాళ్ల కాళ్లు ఒకచోట నిలవ్వు" అంది దుర్గాంబ ఆకు గిల్లుతూ. తలెత్తి గుమ్మంలో మనిషిని చూసింది. "ఆవిడకి నా మాట వినపడదని తెలుసు నాయనా. అయినా ఎదటి మనిషి అలా చెప్పుకుంటుంటే జవాబివ్వకుండా ఎలా ఉంటాం? ఎవరు నువ్వు?"

"ఆ గొంతు మా ఆవిడదండి" అన్నాడు చెన్నకేశవులు.

దుర్గాంబ ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. జేబులోంచి పైకి కనిపిస్తున్న స్క్రూడ్రైవర్‌నీ చూసింది.

"అయితే తీసుకుపో. ఎవరి గొంతు వాళ్లది. అడ్డం చెప్పడానికి నేనెవర్ని?" అంది. చేట పక్కకు జరిపి, గోడ పట్టుకుంటూ వెళ్లి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. రామమూర్తి వరండాలోకి వెళ్లిపోయాడు.

రేడియో వెనక అట్ట తీస్తే మూడో వాల్వు ఎర్రగా వెలుగుతూ కనిపించింది. చెయ్యి చాచితే అందేంత దూరం. చెన్నకేశవులు చెయ్యి లేవలేదు. "ఇవాళ చారులో ఇంగువ ఎక్కువైంది" అంటోంది నాగేంద్రమ్మ. మంచం మీంచి జవాబు లేదు.

ఆయన అట్ట మళ్లీ బిగించి, రామమూర్తి దగ్గర ఫోన్ నంబరు తీసుకున్నాడు. "మా ఆవిణ్ణి అడిగి చెబుతాను" అన్నాడు.

నాగేంద్రమ్మకు జరిగిందంతా చెప్పి, పై వాటాకు తీసుకెళ్లాడు. త్యాగరాజుగారింట్లో ఫోన్ ఉంది. అటువైపు రామమూర్తి రిసీవర్ తీసుకెళ్లి రేడియో దగ్గర పట్టుకున్నాడు. ఇటువైపు భర్త పక్కన నిలబడి నాగేంద్రమ్మ పెదవులు కదిపింది. నగరం ఆ చివరికి పోయి తిరిగి, ఆవిడ మాట ఆయన చెవిలోకి వచ్చింది.

"ఆవిడ అన్నం తింటోందా?"

"నిన్నటిదాకా రెండు పూటలా తినేదట. ఇవాళ నన్ను చూశాక ముట్టలేదట."

"అయితే ఉండనివ్వండి అక్కడే."

"మరి నువ్వో?"

"నాకేం? నేను మాట్లాడుతూనే ఉన్నాగా."

"నాకు వినపడదు కదా నాగేంద్రం!" అన్నాడు చెన్నకేశవులు. త్యాగరాజుగారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"ఇంట్లో ఉన్నప్పుడు రెండేళ్లు మాట్లాడాను. గరగర తప్ప ఏం విన్నారు? తెనాలి వెళ్లేరోజు గుమ్మంలో ఏమన్నానో చెప్పండి. చెబితే వెళ్లి తెచ్చేసుకోండి."

ఆయన కళ్లు మూసుకుని వెతికాడు. రిక్షా గుర్తుంది. పెట్టె గుర్తుంది. ఆవిడ చీర రంగు కూడా గుర్తుంది. మాట దగ్గరికొచ్చేసరికి మూడో వాల్వు ఒక్కటే ఉంది.

"ఏమన్నావు?" అన్నాడు చివరికి.

"సెట్టు విప్పకండి, ఇట్లాగే బాగుంది, అన్నాను. మీరు సరే అన్నారు."

ఆవిడ రిసీవర్ ఆయన చేతిలోంచి తీసుకుని నెమ్మదిగా కింద పెట్టింది. అందులో కోపమేమీ లేదు. ఉంటే బాగుండుననిపించింది చెన్నకేశవులుకు.

ఆ తర్వాతి ఆదివారం ఆయన కబాడీ బజారుకు వెళ్లలేదు. ఆ పైవారమూ వెళ్లలేదు. వంటింటి గుమ్మం దగ్గర పీట వాల్చుకుని నాగేంద్రమ్మ ఎదురుగా కూర్చున్నాడు. ఆవిడ పెదవులు కదులుతుంటే, అక్షరాలు దిద్దుకునే పిల్లాడిలా తన పెదవులూ కదిపి చూసుకున్నాడు. ఒక్క ముక్కా అందలేదు. ఆవిడ మాట్లాడుతూనే ఉంది, ఆయన చూస్తూనే ఉన్నాడు.

తిమార్‌పూర్‌లో ఆ పూట రేడియో గరగరమంది.

"ఇవాళ ఈయన ఎక్కడికీ పోలేదు. పొద్దుట్నుంచీ ఎదురుగా కూర్చుని నా మొహమే చూస్తున్నాడు. ఏం అర్థమవుతోందో ఏమో పాపం. పెళ్లయిన ఇరవై రెండేళ్లకి, ఇప్పుడు మాట్లాడాలనిపిస్తోంది."

"మాట్లాడమ్మా, మాట్లాడు" అంది దుర్గాంబ. ఆకలేసినట్టనిపించి, గోడ పట్టుకోకుండా లేచి వంటింట్లోకి నడిచింది.