రెండు దిక్కుల తంగేడు

శిష్యులు పైకి రావాలని కోరుకోని గురువు ఉండరంటారు. ఆ మాటన్నవాళ్ళు సుజాతను చూసి ఉండరు. శిష్యులు పైకి రావాలని ఆమె కూడా కోరుకునేది, కాకపోతే తన భుజం దాకా. అక్కడితో ఆగాలి. ప్రవళిక ఆగలేదు.

సుజాత యూనివర్సిటీలో బాటనీ డిపార్ట్‌మెంటు ఆర్టిస్టు. మొక్కను ముందు పెట్టుకొని ఆకు అంచు, పువ్వు లోపలి కేసరాలు, కాయ, గింజ అన్నీ ఉన్నదున్నట్టు రంగుల్లో దించడం ఆమె పని. ఒక మొక్కకు అలా వేసిన నిండు పేజీ బొమ్మను అక్కడ ప్లేటు అంటారు. క్యాంపస్‌లో ఏ మొక్కల పుస్తకం తెరిచినా ఆమె ప్లేట్లే ఉంటాయి. ఆమె పేరు మాత్రం భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. ఇప్పుడు క్యాంపస్ మొక్కల మీద పెద్ద పుస్తకం వస్తోంది. దాని అట్ట మీద తంగేడు ప్లేటు, కింద వేసినవారి పేరు. ఇన్నేళ్ళ చాకిరీకి ఆ ఒక్క పేరు చాలనుకుంది సుజాత.

తీరా హెడ్ అచ్యుతరామయ్య గారు ఏమన్నారు? "మీరూ వేయండి, మీ ప్రవళికనూ వేయమనండి. సోమవారం రెండూ చూసి ఒకటి ఎంచుకుందాం. గురువును మించిన శిష్యురాలని అందరూ అంటున్నారుగా!" అని నవ్వారు. సుజాత కూడా నవ్వింది. ఆ నవ్వుకు దవడలు నొప్పి పుట్టాయి.

ఈ ప్రవళిక మాణికేశ్వర్ నగర్ పిల్ల. ఎమ్మెస్సీ చదువుతూ ఆదివారాలు తార్నాకలో సుజాత ఇంటికి బొమ్మలు నేర్చుకోవడానికి వచ్చేది. మొదట్లో బ్రష్షును చీపురులా పట్టుకునేది. సరిగ్గా పట్టుకోవడం నేర్పింది సుజాత. పసుపు మీద నీడకు నలుపు కలపొద్దని, పలచగా ఊదా పూయాలని చెప్పింది సుజాత. "నీకు తెలిసింది వెయ్యకు, కనపడింది వెయ్యి" అని నోరు నొప్పెట్టేలా తిట్టింది కూడా సుజాతే. చివరికి ఏకు మేకయింది. ఆ పిల్ల ఆకు వేస్తే వేలితో తడిమి చూడబుద్ధవుతుంది. సుజాత ఆకు వేస్తే మెచ్చుకోబుద్ధవుతుంది, అంతే. ఆ తేడా ఇంకెవరికీ తెలియకపోయినా సుజాతకు తెలుసు. అన్నం ముందు కూర్చున్నా అదే మంట.

ఆదివారం సాయంత్రం ప్రవళిక తన ప్లేటు తెచ్చింది. ఏది వేసినా బయటికి ఇచ్చే ముందు సుజాతకు చూపించడం ఆ ఇంట్లో ఆనవాయితీ. తప్పున్న చోట ఆమె పెన్సిలుతో సన్నగా ఒక చుక్క పెడుతుంది. ఆ చుక్కకు ఇంతవరకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

"జెర చూసి చెప్పుండ్రి మేడం. తప్పుంటే గీడనే కూసొని సరిజేస్త."

సుజాత లెన్సు తీసింది. రేకుల ముడతల్లో కూడా ఎండ కనిపిస్తోంది. ఇలా నేనెందుకు వేయలేకపోయాను అనుకుంది. అంతలో ఆమె చూపు ఒక చోట ఆగింది. తంగేడు పువ్వు మధ్యలో కీలం అనే పచ్చటి సన్న కాడ ఒకటి కొడవలిలా వంగి ఉంటుంది. ప్రవళిక వేసిన గుత్తిలో కొన్ని పువ్వులకు అది ఎడమకు వంగింది, కొన్నిటికి కుడికి. సుజాత ఇన్నేళ్ళలో వేసిన తంగేడు పువ్వులన్నిటికీ అది ఎడమకే.

తప్పు! అట్ట బొమ్మలో ఇంత పెద్ద తప్పు! సుజాతకు పండగలా అనిపించింది. పెన్సిలు అందుకుంది. చుక్క పెట్టాలి, అది గురువు చేయాల్సిన పని. పెన్సిలును మళ్ళీ డబ్బాలో వేసింది.

"మస్తుగున్నది. ఇగ ముట్టకు. గిట్లనే ఇయ్యి" అంది.

"నిజంగనా మేడం?" అంటూ ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది.

మర్నాడు డిపార్ట్‌మెంటుకు పోతుంటే సుజాతకు అనుమానం వచ్చింది. హెడ్ గారు జీవితమంతా నాచు మీద పరిశోధన చేసిన మనిషి. పువ్వులోని తప్పు ఆయన కంటపడకపోవచ్చు. చేతిలో సాక్ష్యం ఉంటే మంచిది. లైబ్రరీ వెనక పొదల్లో, బతుకమ్మలకు జనం కోసుకుపోగా మిగిలిన తంగేడు కొమ్మ ఒకటి విరిచింది. 'చూడండి సార్, అన్నీ ఒక దిక్కే ఉన్నాయి' అని లోపల ఒకసారి అనుకొని కొమ్మను కళ్ళ ముందు పెట్టుకుంది.

ఒక పువ్వులో కీలం ఎడమకు ఉంది. దాని పక్క పువ్వులో కుడికి ఉంది.

ఇంకో కొమ్మ విరిచింది. అదీ అంతే. సుజాత అక్కడే గట్టు మీద కూర్చుంది. ఎప్పుడో ఒక్క పువ్వును బాగా చూసి వేసింది. ఆ తర్వాత దాన్నే తిప్పి తిప్పి వేస్తూ వచ్చింది. తనకు తెలిసింది వేసింది. ప్రవళిక కనపడింది వేసింది. కొమ్మను పారేద్దామనుకుంది. చేతులు రాక సంచిలో కుక్కింది.

హెడ్ గారి టేబుల్ మీద రెండు ప్లేట్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఆయన చూసి చూసి ప్రవళిక బొమ్మ మీద వేలు పెట్టారు. "ఇదేమిటమ్మా, ఒకటి ఇటూ ఒకటి అటూ? మీ మేడం బొమ్మలో అన్నీ ఒకే వైపున్నాయి. తప్పు కదూ?"

ప్రవళిక బిక్కమొహం వేసింది. "మేడం చూసిండ్రు సార్. బాగున్నదన్నరు."

"అవునా సుజాత గారూ?"

ఎంత తేలిక! తొందరలో గమనించలేదు సార్ అంటే సరిపోతుంది, పేరు అట్టకెక్కుతుంది. మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె కుళ్ళంతా పిల్ల మీదే, పువ్వు మీద కాదు. పువ్వును అబద్ధం చేయడానికి నోరు రాలేదు. సంచిలోంచి కొమ్మ తీసి టేబుల్ మీద పెట్టింది.

"పిల్ల వేసిందే కరెక్ట్ సార్. తప్పు నాది."

హెడ్ గారు కొమ్మనూ బొమ్మనూ మార్చి మార్చి చూశారు. "ఇలాంటి గురువు దొరకడం నీ అదృష్టమమ్మా" అన్నారు ప్రవళికతో. అట్ట ఆ పిల్లదయింది. సుజాతకు ఆ మెప్పు పుండు మీద కారం చల్లినట్టయింది.

మధ్యాహ్నం ప్రవళిక వదలకుండా తార్నాకలో హోటల్‌కు తీసుకుపోయి చాయ్ తాగించింది.

"మీకొక ముచ్చట చెప్పాలె మేడం. నిన్న నాకు మస్తు పరేషానుండె. మీ బొమ్మలల్ల అన్నీ ఒక్క దిక్కే ఉంటయి గద, నేనే తప్పు చూసిన్నేమో అనుకున్న. మీరు చుక్క పెడితే గోకి మార్చనీకి బ్లేడు గుడ తెచ్చుకున్న. మీరు బాగున్నదన్నంక గట్లనే ఉంచిన."

సుజాత కప్పు కింద పెట్టేసింది. చుక్క పెట్టి ఉంటే బ్లేడు గాట్లతో ఆ బొమ్మ చెడేది, అట్ట తనదయ్యేది. తన పని తాను సరిగ్గా చేసి ఉంటే గెలిచేది. కుళ్ళుకొని మెచ్చుకున్నందుకు ఓడిపోయింది.

"ప్రవళికా, ఒక్క మాట యాది పెట్టుకో" అంది. "ఇగ మీద నేను తప్పన్నా నమ్మకు. బాగున్నదంటే అసలే నమ్మకు. పోయి పువ్వును చూడు."

మేడం పరాచకమాడుతోందనుకొని ప్రవళిక పకపకా నవ్వింది. సుజాతకు నవ్వు రాలేదు.