పద్నాలుగో గది గోడ

నిన్న బడికి రాని పిల్లలు ఇవాళ పొద్దున్నే వచ్చి పద్నాలుగో గదిలో ఎడమచేతి గోడకి చెవి ఆనించి నిలబడతారు. దేశ రాజధానిలో, ద్వారక అనే పేటలో ఆ సర్కారు బడి కట్టిన దగ్గర్నుంచీ అంతే. ఆ గదిలో చెప్పిన పాఠం ఆ గోడలో ఉండిపోతుంది. తలుపు దగ్గర చెవి పెడితే నిన్నటి పాఠం, కిటికీ వైపు జరిగేకొద్దీ పాత సంవత్సరాలవి. స్టాకు రిజిస్టర్లో ఫ్యాన్లు నాలుగు, బెంచీలు ఇరవై, పాఠాలు నిలిచే గోడ ఒకటి అని ఎవరో మహానుభావుడు ఎప్పుడో రాసిపెట్టాడు. వచ్చిన ప్రిన్సిపాలల్లా లెక్క సరిపోయిందని దాని కింద సంతకం పెట్టి వెళ్ళిపోతారు. జ్వరమొచ్చి మానేసిన పిల్ల నోట్సు కోసం ఎవర్నీ బతిమాలుకోనక్కర్లేదు, అదో సుఖం.

సరళకుమారి ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలో ఎనిమిదో తరగతికి చరిత్ర చెబుతోంది. ఊరు బాపట్ల పక్కన. భర్త టిమోతి ఆసుపత్రిలో నర్సు. కొత్తల్లో ఆవిడ పాఠం మొదలుపెడితే పక్క గది పిల్లలు కూడా వచ్చి కిటికీ ఊచలు పట్టుకుని వేలాడేవాళ్ళు. అప్పట్లో పుస్తకంలో ఒక పాఠం ఉండేది, పాతరోజుల్లో బళ్ళలోకి ఎవర్ని రానిచ్చారు, ఎవర్ని రానివ్వలేదు అని. అది వచ్చినప్పుడల్లా ఆవిడ పుస్తకం మూసేసి వాళ్ళ తాతయ్య అంద్రెయ సంగతి ఎత్తుకునేది. గూడెం పిల్లాడని అంద్రెయని బడి అరుగు ఎక్కనివ్వలేదు. వానలో చూరు కింద నిలబడి లోపలి అక్షరాలు విని, ఇంటికెళ్ళి పొయ్యిలో బూడిద నేల మీద పరిచి రాసుకునేవాడు. ఓ రోజు పంతులు చూసి బెత్తం విసిరితే నుదురు చిట్లింది. పెద్దయ్యాక ఆ మచ్చ తడుముకుంటూ నా మొదటి సర్టిఫికెట్ ఇదేనే అనేవాడట మనవరాలితో.

ఆ తర్వాత పుస్తకాల మీద కొట్లాటలు మొదలయ్యాయి. ఒక ప్రభుత్వం వచ్చి కొన్ని పేజీలు తీసేసింది. ఇంకో ప్రభుత్వం వచ్చి తీసినవి పెట్టి, పెట్టినవి తీసింది. పిల్లల బుర్రలు పాడుచేస్తున్నారని వీళ్ళు వాళ్ళనీ, వాళ్ళు వీళ్ళనీ టీవీల్లో గొంతులు చించుకుని తిట్టుకున్నారు. పిల్లల్ని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఏడేళ్ళ కిందట ఆ బడి పాఠానికి మూడింది. పుస్తకాలు పాతవే ఉంచి ఆ పాఠం కొట్టేయించమని, విద్యార్థుల మీద భారం తగ్గించడానికి అని సర్క్యులర్ వచ్చింది. ఎంత భారం? నాలుగు పేజీలు.

ఇక అసలు సంగతి. అక్కడి తెలుగు చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక సాక్ష్యాలుంటాయి. దేవుడు ఆ వారం మనకి చేసిన మేలేమిటో లేచి నిలబడి చెప్పాలి. ఒకరికి వీసా వచ్చి ఉంటుంది, ఒకరికి ఆపరేషన్ గట్టెక్కి ఉంటుంది. ఆ ఆదివారం మైకు సరళకుమారి చేతికొచ్చింది. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఊళ్ళో గాలినిండా పొగ ఎక్కువై బడికి మూడు రోజులు సెలవిచ్చారు, అంతకుమించి ఆ వారం జరిగిందేమీ లేదు. కానీ హాలు నిండా మనుషులు, అందరూ తనకేసే చూస్తున్నారు. మాట దానంతటదే జారింది. పుస్తకంలోంచి ఆ పాఠం తీసేసినా నేను ఏటా మా తాతయ్య సంగతి పిల్లలకి చెబుతూనే ఉన్నాను, ప్రభువు నాకు ఆ ధైర్యమిచ్చాడు అనేసింది. హాలంతా హల్లెలూయా అంది. వెనక వరసలో ముసలమ్మ ఒకావిడ కళ్ళు ఒత్తుకుంది.

అది పచ్చి అబద్ధం. ఏడేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు. సాక్ష్యంలో నాలుగు మాటలు కలపడం ఎవరికైనా ఉన్నదే. రెండు రోజుల జ్వరం కాస్తా చావుబతుకుల మధ్యకి వెళ్ళిపోతుంది, విన్నవాళ్ళు స్తోత్రం అనేసి బిర్యానీకి లేస్తారు. ఆవిడ ఖర్మకొద్దీ ఆ రోజు ఆరాధన యూట్యూబ్‌లో లైవ్ పోతోంది.

పది రోజులు తిరక్కుండా ఆ వీడియో ముక్క, కింద హిందీ అక్షరాలు అతికించుకుని, బడి తల్లిదండ్రుల సమితి వాళ్ళ ఫోన్లన్నిటిలోకీ వచ్చేసింది. తీసేసిన పాఠం చెబుతోంది, దాన్లో మతం కలిపి చెబుతోంది, సస్పెండ్ చెయ్యండి అని ఫిర్యాదు పెట్టారు. అటు టీచర్ల యూనియన్ వాళ్ళు ఆవిడ బొమ్మతో పోస్టరు వేసి గేటుకి అంటించారు. దానికింద ధీరవనిత అని రాసుంది. రెండు పక్షాలూ కలిసి ఆవిడ అబద్ధాన్ని నమ్మేశాయి. విచారణ అధికారి వచ్చి గోడ వింటారని ప్రిన్సిపాల్ సునంద కబురు చేసింది.

టిమోతి కూడా నమ్మాడు. అదే ఆవిడని కోసేసింది. విచారణ రోజు పొద్దున తనే ఆవిడ చీర ఇస్త్రీ చేసిచ్చాడు.

"పోతే పోనీ సరళా ఉద్యోగం. నా జీతముంది కదా. తాతయ్య పేరు నిలబెట్టావు, అది చాలు," అన్నాడు.

ఆవిడ ఆ చీరే కట్టుకుని బయల్దేరింది. గోడ ఉన్నదున్నట్టు చెబితే ఉద్యోగం ఉంటుంది, మొహం ఉండదు. ఒక్కసారి, ఒక్కసారే ఆ గోడ తనకోసం అబద్ధమాడితే బాగుండునని దారి పొడుగునా ప్రార్థన చేసింది. తన ఉద్యోగం పోవాలని తనే దేవుణ్ణి అడుక్కుంటోందని ఆవిడకి తెలుసు.

పదకొండింటికి గదిలో చేరారు. అధికారి, రాసుకోడానికి ఒక గుమాస్తా, సునంద, సమితి అధ్యక్షుడు, పాస్టరుగారు, టిమోతి. చెవి పెట్టినవాళ్ళకే వినిపిస్తుంది కాబట్టి అధికారి గోడలో విన్నది విన్నట్టు పైకి అప్పజెబుతుంటే గుమాస్తా రాసుకోవాలని పద్ధతి పెట్టారు. అధికారి మర్యాదస్తుడు. చాయ్ తాగి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, తలుపు దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. ప్రతి ఏడాదికీ ఆ పాఠం రావాల్సిన వారం దగ్గర ఆగేవాడు.

ఈ ఏడు: పేజీ యాభై రెండు నుంచి యాభై అయిదు దాకా అడ్డంగా గీత కొట్టండి, పరీక్షలో రాదు. నిరుడు: గీత కొట్టండి, పరీక్షలో రాదు. అంతకుముందేడూ అదే. సమితి అధ్యక్షుడు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. నాలుగో ఏడు దగ్గర అధికారి కాస్త ఎక్కువసేపు ఆగాడు. ఎవరో పిల్ల ప్రశ్న అడిగిందన్నాడు. అప్పట్లో కొంతమంది పిల్లల్ని నిజంగా బడి బయట నిలబెట్టేవాళ్ళా మేడమ్ అని.

"మేడమ్ జవాబు," అన్నాడు గుమాస్తాతో. "రాసుకోండి. 'నాకు తెలీదు. పుస్తకంలో లేనివి నన్నడక్కండి.'"

గోడకి చేరగిలబడి నిలబడ్డ టిమోతి పిల్లల బెంచీ మీద కూర్చుండిపోయాడు. పాస్టరుగారు నేల చూపులు చూశారు. సరళకుమారికి ఆ రోజు గుర్తొచ్చింది. ఆ పిల్ల గొంతు కూడా గుర్తొచ్చింది.

మిగతా మూడేళ్ళలోనూ అదే గీత. అధికారి అంతటితో ఊరుకోలేదు. ఉత్సాహం పుట్టి ఇంకా కిటికీ వైపు జరిగాడు. వెనకటి ప్రభుత్వం వేరే పేజీలు తీసేసిన సంవత్సరం తగిలింది. అక్కడా ఆవిడే, అదే మాట. గీత కొట్టండి, పరీక్షలో రాదు.

"ఇంత క్రమశిక్షణ నా సర్వీసులో చూడలేదు," అన్నాడు చెవి తుడుచుకుంటూ. "ఏ ప్రభుత్వం వచ్చినా మేడమ్‌కి ఒకటే."

మెచ్చుకోలుగానే అన్నాడు. అందరికంటే ముందు చేతులు జోడించింది సమితి అధ్యక్షుడే, దీదీ, పొరపాటైంది అని. సాయంత్రానికి గేటు మీద పోస్టరు లేదు.

నెలలోపే ఆర్డరు వచ్చింది. కొత్త పుస్తకం ఎలా చెప్పాలో జిల్లాలో మిగతా టీచర్లకి నేర్పే పని, పెద్ద హోదా, ఆఫీసు కారు. చర్చిలో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆదివారం మైకు ఆవిడ వరస దాకా వచ్చి, ఆవిణ్ణి దాటుకుని పక్కావిడ చేతికి వెళ్ళింది. టిమోతి వేళకి తింటున్నాడు, వేళకి డ్యూటీకి పోతున్నాడు. అంద్రెయ పేరు మళ్ళీ ఇంట్లో ఎత్తలేదు. గట్టిగా తిట్టినా బాగుండేది.

ఆఖరి రోజు సరళకుమారి బీరువాలో తన సామాన్లు సర్దుకుంటోంది. గోడ దగ్గర ప్రణతి నిలబడి ఉంది. గురుగ్రామ్‌లో ఆఫీసు క్యాబ్ నడిపే సాయిప్రకాష్ కూతురు, వాళ్ళది వరంగల్. రెండ్రోజులు రాలేదని పాఠం వినడానికొచ్చి, ఆటగా కిటికీ దాకా జరుక్కుంటూ వెళ్ళిపోయింది. చాలాసేపు అక్కడే ఉండి, కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది.

"మేడమ్, ఆ కిటికీ పక్క ఒక మేడమ్ వాళ్ళ తాత ముచ్చట చెప్తుంది. బూడిదల అక్షరాలు రాసుకున్నడంట. ఎంత మంచిగ చెప్తుందో. నేనైతే ఏడ్చిన, సచ్చీ, ఒట్టు."

సరళకుమారి సర్దడం ఆపింది.

"గొంతు ఎక్కడైనా విన్నట్టుందా?" అంది.

ప్రణతి ఆలోచించింది. వెటకారం లేదు ఆ పిల్లలో, నిజంగానే ఆలోచించింది.

"లేదు మేడమ్. ఎవరామె? ఇప్పుడు ఏ బడిల ఉంది?"

సరళకుమారి బ్యాగు జిప్పు లాగింది. అది సగంలో ఇరుక్కుంటే మళ్ళీ లాగింది.

"చాలా ఏళ్ళయిందమ్మా. ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళిపోయింది," అంది.

ప్రణతి అయ్యో అనుకుని, మళ్ళీ వెళ్ళి కిటికీ దగ్గర గోడకి చెవి పెట్టుకుంది.