కుడి కంటి లెన్స్

కుటుంబరావు షాపు యజమాని ఫ్రాన్సిస్ కాలర్ పట్టుకుని గోడకు అదిమాడు. రాక్ ఊగి నాలుగు కళ్లజోళ్లు కింద పడ్డాయి.

"మా అమ్మాయి కన్ను తీసేశావు కదరా. ఎవడి వల్ల పోయిందో తేలేదాకా నందిగామ నుంచి కదలను. తేలాక వాణ్ణి వదలను."

ఆప్టికల్ షాపు వెనక గదిలో డాక్టర్ ప్రమీలారాణి కృష్ణప్రియ కంట్లోకి లైటు వేసి చూస్తోంది. కుడి కన్ను చింతనిప్పులా ఉంది. ఆ కంటికి ఎదురుగా ఉన్న డాక్టరు కూడా పొగలో మనిషిలా కనిపిస్తోంది.

నల్లగుడ్డు మీద పుండు పడింది. వేస్తున్న చుక్కలు పనిచేయడం లేదు. శాంపిల్ విజయవాడ పంపితే, రిపోర్టు వచ్చేదాకా పుండు ఆగదు. ఏ క్రిమో ఇప్పుడే తేలాలి, లేదంటే చూపు దక్కదని డాక్టరు దాచకుండా చెప్పేసింది.

కాలర్ విడిపించుకుని ఫ్రాన్సిస్ జరిగింది చెప్పాడు. కృష్ణప్రియది జగ్గయ్యపేటలో బ్యాంకు ఉద్యోగం. రోజంతా ఏసీ, కంప్యూటరు. ఏ కాంటాక్ట్ లెన్స్ సుఖంగా ఉంటుందో తేల్చుకోవడానికి ఎడమ కంటికి ఆమె పాత రకం, కుడి కంటికి కొత్తగా వచ్చిన పల్చటి రకం ఇచ్చాడు. కొత్తది పొద్దున పెట్టుకున్నట్టే తెలియలేదు. మధ్యాహ్నానికి ఎండిపోయి ఇసుక పడ్డట్టు గరగరలాడింది. పాతది సాయంత్రం దాకా ఒక్కలాగే ఉంది. మొదటి వారం ఇదీ లెక్క. రెండో వారం కృష్ణప్రియే ఫోన్ చేసి కొత్తదే గెలిచిందని, రోజంతా చల్లగా ఉంటోందని చెప్పింది. ఆ తర్వాతే కన్ను ఎర్రబడింది.

డాక్టరు తలెత్తింది. "ఎండిపోయే లెన్స్ వారం తిరిగేసరికి చల్లగా ఎలా అయిందమ్మా?"

కృష్ణప్రియ హ్యాండ్‌బ్యాగులోంచి లెన్స్ డబ్బీ తీసి ఇచ్చింది. ఎడమ గుంటలో లెన్స్ నానబెట్టే మందు తేటగా ఉంది. కుడి గుంటలో కలక నీళ్లు. డాక్టరు పట్టకారుతో అందులోంచి తెల్లటి పూరేకు ముక్క ఒకటి బయటికి తీసింది.

నందివర్ధనం. కృష్ణప్రియ గుర్తుపట్టింది. ఆ పూలు నానేసిన నీళ్లు కంటికి చలవని నానమ్మ ఆండాళమ్మ ఎప్పుడూ అనేది. కానీ నానమ్మ నెల కిందటే వత్సవాయిలో అత్తయ్య దగ్గరికి వెళ్లింది.

"ఇవి ఏ నీళ్లు? ఎవరు పోశారు?" డాక్టరు గొంతు పెరిగింది. "నీళ్లలో పెరిగే క్రిమికి మందే వేరు. ఊహించి వేసే టైం కాదిది."

కుటుంబరావు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పూరేకును చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు.

కుడి కన్ను గరగరలాడుతోందని తను అన్నం దగ్గర చెప్పిన రోజు కృష్ణప్రియకు గుర్తొచ్చింది. మర్నాటి నుంచి నాన్న రోజూ సాయంత్రం అడిగేవాడు, ఇవాళ చల్లగా ఉందా తల్లీ అని. ఉందంటే మీసాల్లో నవ్వుకునేవాడు. తెల్లవారుజామున పెరట్లో పూజకు పూలు కోసేదీ, బావి నీళ్లు తోడేదీ ఆయనే.

ఆమె తండ్రి వైపు చూసింది. చెబుతాడని ఆగింది. ఆయన తల దించుకున్నాడు.

"బావి నీళ్లండి," అంది కృష్ణప్రియ. "పోసింది మా నాన్న. కుటుంబరావు."