కంతలు పడ్డ పేపర్లు

నాకు నోరెక్కువ. నార్కట్‌పల్లి చౌరస్తాలో మిర్చీల బండి పెట్టుకున్నదానికి నోరు లేకపోతే నడవదు. కానీ ఆ నోరు నా బిడ్డ మీదే ఎక్కువ పారేసుకున్నాను.

సుస్మిత తొమ్మిదో తరగతి. సెల్‌ఫోన్‌లో చూసి స్క్రాప్‌బుక్కు మొదలుపెట్టింది. నచ్చిన బొమ్మలు కత్తిరించి నోటుబుక్కులో అంటించడం, పక్కన రంగుపెన్నులతో ఏదో రాసుకోవడం. కత్తిరించడానికి దానికి దొరికినవి నేను పొట్లాలకని కొన్న పాత పేపర్లు. కంతలున్న పేపర్లో మిర్చీలు ఎట్లా కడతారు? రోజూ తిట్టేదాన్ని. అది నవ్వి ఊరుకునేది. ఆ పుస్తకాన్ని నేను ఒక్కసారీ తెరిచి చూడలేదు.

శ్రావణంలో దానికి జ్వరం వచ్చింది. నల్లగొండలో దవాఖానలో ఐదు రోజులున్నాం. ఆరో రోజు శవాన్ని ఇంటికి తెచ్చుకున్నాం. బొందలో దించేటప్పుడు మా అత్త నర్సింగమ్మ, పోయినవాళ్లకు ఇష్టమైనవి వాళ్లతోనే పంపాలంది. ఇంటికి ఉరికి ఆ పుస్తకం తెచ్చి, నా చేతులతోనే దాని గుండెల మీద పెట్టాను. ఎంత తెలివితక్కువదాన్నో! అందులో ఏముందో నాకు తెలియదని మట్టి పోశాక గానీ తట్టలేదు.

నెల తర్వాత మళ్లీ బండి తీస్తే, పేపర్ల కట్టలో కంతలున్నవి పదకొండు దొరికాయి. సెలూన్ బాలస్వామి పాత పేపర్లు పారెయ్యడని గుర్తొచ్చి ఆయన దగ్గరికి వెళ్లాను.

"అన్నా, గీ తారీకులయి జర ఎతికియ్యి. నా బిడ్డ ఏమేం కోసుకున్నదో సూడాలె" అన్నాను.

కొత్త నోటుబుక్కూ గమ్ము సీసా కొన్నాను. బిడ్డ పుస్తకాన్ని మళ్లీ చేసి తీరాలని నా పట్టుదల. కంత ఉన్న పేపరు కింద బాలస్వామి వెతికిచ్చిన అదే తారీకు మంచి పేపరు పెడితే బొమ్మ కనిపించేది. గొర్రెపిల్ల. నిండిన చెరువు. పరుగుపందెంలో గెలిచిన పిల్ల. మొదటి పేజీ దాని పేరుకని వదిలి, సెలూన్‌లోనే కూర్చుని ఒక్కొక్కటీ కత్తిరించి అంటించుకుంటూ పోయాను.

చివరిది జిల్లా పేజీ. ఆ కంత మనిషి ఆకారంలో ఉంది. కింద మంచి పేపరు జరిపితే, అందులో నేనున్నాను. ఎండల గురించిన వార్త. బండి ముందు చెమటలు కక్కుతూ మిర్చీలు వేస్తున్నాను. ఆ ఫొటో ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో నాకు తెలియనే తెలియదు.

నా బిడ్డ పొయ్యిని వదిలేసింది. మూకుడునూ పొగనూ వదిలేసింది. చీర అంచు కూడా తెగకుండా చుట్టూ కత్తెర తిప్పి, నన్నొక్కదాన్నే తీసుకుంది.

అక్కడే కూలబడి ఏడ్చాను. బాలస్వామి మంచి పేపరు నా ముందుకు జరిపాడు. "గిది కోసి అతికియ్యి, సైదమ్మా" అన్నాడు.

"వద్దన్నా. నన్ను అది ఎంబడి తీస్కపోయింది" అన్నాను.

కంత ఉన్న పేపరునే మడిచి మొదటి పేజీలో అంటించాను.