గట్టయ్య ఆపిన చోట

పూడ్చాలట, గోడకు పడ్డ బెజ్జమా పూడ్చడానికి, అనుకుంటూ రుహీ హెడ్‌ఫోన్లు తీయకుండానే రికార్డింగ్ చేస్తున్న భరత్ వైపు చూసింది, అతను కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి ఇగో రుహీ, ఇక్కడ గట్టయ్య అంకుల్ సాక్సాఫోన్ ఆగిపోయింది, నీ గొంతు ఒక్కటే పడ్డది, ఆ ముక్క మళ్ల వాయిస్తే అతికేస్త, ఎవ్వలకు తెల్వది అంటున్నాడు, ఎవరికీ తెలియకపోవడానికేనా ఇన్నాళ్ళు కొత్తవాడలో ఈ మేడగదిలో, చప్పుడు బయటికి పోకుండా గోడలకు కట్టిన పాత జంపఖానాల దుమ్ము మింగుతూ పాడింది, జాజ్ అంటే ఏందే, వలీమా పెండ్లి దావత్‌ల పాడుతరా దాన్ని అని చుట్టాలు నవ్వుతుంటే, పెళ్ళి బ్యాండులో సాక్సాఫోన్ వాయిస్తూ జుట్టు నెరిసిన గట్టయ్యను బతిమాలి ఈ ఆల్బమ్‌కు తెచ్చుకుంది, ఆయనేమో మూలన స్టూలు మీద తల వంచుకుని, నిన్న చెప్పిందే మళ్ళీ, తప్పు నాదే బిడ్డా, అజాన్ వినవడ్డది, సాక్సు దానంతటదే నోట్లకెల్లి జారింది, మసీదు ముంగట పెండ్లి బరాత్ బ్యాండు ఆగినట్టే ఆగిన అంటున్నాడు.

ఆయనకు వినబడింది, తనకు వినబడలేదు, చెవుల మీద ఈ డిప్పలు, మూసిన కళ్ళు, పక్కనే వస్తున్న సాక్సాఫోన్ ఉన్నట్టుండి లేకుండా పోతే గట్టయ్య మామ నాకే చోటిచ్చిండు అనుకుంది, సంబరంగా అందులోకి వెళ్ళింది, ముందుగా అనుకున్న వరుస లేదు, మాట లేదు, ఒకచోట గొంతు చీలింది, చీలినా ఆపలేదు, రాత్రి ఇంట్లో సంగతి విన్న తల్లి మహబూబ్‌బీ, అజాన్ మొదలైతే టీవీ కట్టేసి కొంగు తల మీదికి లాక్కునే మనిషి, చేటలో బియ్యం చెరుగుతూనే ఆయన ఆగిండు, నువ్వు ఆగలే అంది, వినవడలే అమ్మీ, వినవడితే ఆగేదానివా, ఆగేదాన్నే, గట్లయితే నన్నేం అడుగుతవ్, అల్లాకు తెల్వదా అని మళ్ళీ చేట కొట్టింది, తల్లే మార్చమనలేదు, ఈ భరత్ మార్చమంటున్నాడు, జనం మిషిన్ ఖరాబైందనుకుంటరు రుహీ, అనుకోనీ అంది రుహీ, మా బరాత్‌ల సాక్సు ఆగితే పెండ్లికొడుకు మేనమామ కొట్టనీకి ఉరికొస్తడు బిడ్డా, జర ఇను, మళ్ల వాయిస్త అన్నాడు గట్టయ్య, వద్దు మామా, నీ చెయ్యి ఆ సాక్సు మీద పడ్డదంటే నేను ఈడికెల్లి లేచిపోత, అవ్వ, ఏం పోరివే నువ్వు అని గట్టయ్య తలెత్తి మొదటిసారి నవ్వాడు.

పెట్టు భరత్, మొదటి నుంచి పెట్టు, అన్ని పాటలూ వరుసగా వింది, వింటుంటే ఒళ్ళు మండింది, సాక్సాఫోన్ ఎటు మళ్ళితే తను అటు, అది తగ్గితే తనూ తగ్గడం, బరాత్‌లో బ్యాండు వెనక పట్టుచీరలు ఎత్తిపట్టుకుని నడిచే ఆడవాళ్ళలా, ఇద్దరం కలిసి చేసిన ఆల్బమ్ అని తనే ఊరందరికీ చెప్పుకుంది, కలిసి ఎక్కడ, వెనకే కదా నడిచింది, ఆ ఒక్క చోట తప్ప, ఆ చోటూ ఆయన తనకిచ్చింది కాదు, ఆయన ఆగింది తనకోసం కానే కాదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు, అయినా పాట కింద పడలేదు, ముట్టకు భరత్ అంది, గట్టిగానే అంది, పాడడానికి తనకు ఎవరూ చోటివ్వనక్కర్లేదు.