చెంప మీది గాటు

ఇక్కడే ఉండాలి కదా మచ్చలు చెరిపే ఆ పట్టీ గుర్తు, ఫొటోషాప్‌లో జె నొక్కితే చాలు వచ్చేది, ఈ గింప్‌లో ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు, తనిఖీలంటూ భయపడి మా కఫీల్, వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, దొంగ కాపీలన్నీ తీయించేశాడు, అసలుది కొనండి బాబా అంటే ఖలాస్, అయిపోయింది, ఇది ఫ్రీ, యల్లా, కానీయ్ అన్నాడు, కంప్యూటర్లు చూసే వీరేంద్రేమో ఇది ఎక్కించి, రెండూ ఒకటేనండీ సత్యశ్రీగారూ, అలవాటవ్వాలంతే అన్నాడు, ఏం ఒకటి, పరికరాలొక కిటికీలో, లేయర్లొక కిటికీలో, బొమ్మ వాటి వెనక, ప్రెస్సుకి కావలసిన నాలుగు రంగుల పద్ధతి లేనే లేదు, ఒక్కటి ఒప్పుకోవాలి, సంజీవమ్మ అని కొడితే మ కింద ఒత్తు విరగలేదు, ఫొటోషాప్‌లో విరిగేది, అయినా అమలాపురంలో కోర్సు చేసి, ఈ దేశమొచ్చి ఫర్వానియాలో తొమ్మిదేళ్లు పనిచేసి, మళ్లీ అ ఆలు దిద్దుకోవాలా నేను, అదీ ఈ నాగన్న ముందు, వఫ్రాలో తను పనిచేసే తోట నుంచి పొద్దున్నే వచ్చాడు, రెండు గంటలుగా స్టూలు మీద కదలకుండా కూర్చున్నాడు, వాళ్లక్క సంజీవమ్మ సబా అల్ సలేంలో ఇంటిపని చేస్తుంది, రొట్టెలకని బయటికెళ్లి నాలుగు రోజులైనా తిరిగి రాలేదు, పోలీసులకు చెప్పాడట, ఇప్పుడు గోడలకు అంటించడానికి కాగితాలు కావాలి, ఫోటో చూస్తే మసక, కళ్ల కింద నీడలు, ఎడమ చెంప మీద పొడుగ్గా గాటు, ఇదెలా శుభ్రం చేయను, ఆ, దొరికింది, మెనూలో ఎక్కడో అడుగున, హీల్ అట, గాయం మాన్పేదట, రుద్దాను, పోయింది, నున్నటి చెంప, హమ్మయ్య, గింపూ, నీ మొండితనం ఇక చాలు.

అదేందమ్మా తుడిచేస్తివి, నాగన్న స్టూలు మీంచి లేచాడు, బాగుంటుందనే, అన్నా, అన్నాను, బాగుండేదానికి కాదు గదమ్మా, చిన్నప్పుడు కొడవలి తగిలింది, ఆ గాటు సూసే గదా ఎవురైనా మా యక్కని గుర్తుపట్టేది, అన్నాడు, కోపం లేదు ఆ గొంతులో, బతిమాలుతున్నాడు, చేసింది రద్దు చేశాను, గాటు తిరిగొచ్చింది, దాని వెనకే ఆమె వచ్చింది, నలభై దాటిన మనిషి, కెమెరా అంటే జంకుతూ, నవ్వాలో వద్దో తెలియక, రెండు గంటలుగా నా ఎదుటే ఉంది, నేను ఒక్కసారైనా చూడలేదు, తప్పు గింప్‌దీ కాదు, ఫొటోషాప్‌దీ కాదు, ఏదిచ్చినా నా వేళ్లకు వచ్చింది ఒక్కటే, ఎవరి ముఖం చేతికిస్తే వాళ్లని చెరిపేయడం.