పేతురు ఫోల్డరు

పేతురు అప్పటికి తొమ్మిదో హార్డ్ డిస్కు తగిలించాడు. మోండా మార్కెట్ వెనక, రెండో అంతస్తులోని ఆ వీడియో స్టూడియోలో ఇరవై రెండేళ్ళ పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, భూస్థాపనలు డిస్కుల్లో పడి ఉన్నాయి. ఏ క్లిప్పు ఎక్కడుందో అతనికి తెలియాలి, లేదా దేవుడికి తెలియాలి. ఇప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. డిస్కులన్నీ గాలించి, ప్రతి వీడియోకూ చిన్న బొమ్మ చేసి, ఒకే తెర మీద పరుస్తుంది. ఎడిటింగుకు కూర్చున్నవాళ్ళు పేరు కొడితే చాలు.

శుక్రవారంలోగా దాన్ని బిగించి డోరాకు అంతా నేర్పమన్నాడు యజమాని పురుషోత్తం. గొంతు చించుకోనిదే మాట ముగించని మనిషి, భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు. పేతురుకు అది నచ్చలేదు. వారంగా అందరూ అంతే. అడగకుండానే టీ బల్ల దగ్గరికి వస్తోంది. ఆసుపత్రి రిపోర్టు భార్య కాంతమణి ఒక్కతే వెళ్ళి తెచ్చింది. కడుపులో వట్టి పుండేనంది గానీ కాగితం చూపించలేదు. మౌలాలిలోని వాళ్ళింట్లో కారం మానేసి జావ పోస్తోంది. నెలలో బెల్టుకు మూడు కొత్త చిల్లులు పొడిచాడు.

తెర అడుగున ఆకుపచ్చ గీత మెల్లగా జరుగుతోంది. డోరా ఎడిటరు, పేతురు వాళ్ళ చర్చి సంఘానికే వస్తుంది. పొద్దుటి నుంచీ అతని కుర్చీ వెనకే తిరుగుతోంది.

"తొమ్మిదోది వద్దు అన్నా. అంత పాత సామానే," అంది.

గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంది పిల్ల. గీత చివరికి వచ్చింది.

ఆ డిస్కులో ఉన్నవి ఆదరణ కూడికల ఫోల్డర్లు. సమాధి చేశాక సంఘం ఇంటికి వచ్చి పాటలు పాడి ఓదార్చే రోజున, పోయినవాళ్ళ వీడియో వేస్తారు. మంచాన పడ్డవాళ్ళ ఫోటోలు ఇంటివాళ్ళు ముందే, చాటుగా తెచ్చి ఇస్తారు. అలాంటివి వందకు పైగా చేశాడు పేతురు.

చివరి ఫోల్డరు మీద అతని పేరే ఉంది.

లోపల పదకొండు ఫోటోలు. పెళ్ళినాటిది, కొడుకు ఆషర్ బాప్తిస్మం నాటిది, కాంతమణి ట్రంకుపెట్టెలో దాచుకునేవన్నీ. పేతురుకు చాలా భయమేసింది. ఆమె మీద కోపమూ వచ్చింది గానీ నిలవలేదు. ఈ పదకొండూ ఏరడానికి ఆమె ఎంత ఏడ్చి ఉంటుందో.

డోరా గోడవైపు తిరిగి నిలబడింది.

"ఇటు రా చెల్లే," అన్నాడు. "ఇసొంటి ఫోల్డర్ సర్చ్‌ల రావద్దంటే గీడ టిక్ తీసెయ్యాలె. ఇంటోళ్ళు గిట్ల చూస్తే తక్లీఫ్ అయితది."

"అన్నా, వదిన చెప్పొద్దన్నది."

"నువ్వు చెప్పలే. నేను చూడలే. వదినకు సుత గదే చెప్పు."

ఆమెను భోజనానికి పంపి, తను ఆ తెర ముందే కూర్చున్నాడు. నాలుగింటికి ఒంట్లో బాగాలేదని లేచి, రెయిలింగు పట్టుకుని మెట్లు దిగాడు. మళ్ళీ రాలేదు.

మూడు వారాలకు ప్రభువునందు నిద్రించాడని కబురొచ్చింది. డోరా ఏడుస్తూనే ఫోల్డరు తెరిచింది. వీడియో పూర్తయి ఉంది. రంగులు దిద్దాడు, పాట కుదిర్చాడు. మొదటి కార్డు మీద పుట్టిన తేదీ వేసి, అడ్డగీత గీసి, దాని పక్కన ఖాళీ వదిలాడు. అక్కడ కొట్టడానికి ఆమెకు చేతులు రాలేదు.

కీబోర్డు పక్కన అతని హెడ్‌ఫోన్లున్నాయి, ఒక చెవికి నల్లటి టేపు చుట్టి, ఇంకా అతని తల వెడల్పుకే సాగి.